బోర్డు మీద కింది సగం

"మా చెల్లెల్ని చంపేసేలా ఉన్నాడండీ!" అంటూ డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చిపడ్డాడు టైర్ల కొట్టు యజమాని.

చెల్లెలు బడిలో టీచరు. ఆమె కనురెప్పలు రెండూ కమిలి వంకాయ రంగు తేలాయట. మొగుడే కొట్టాడని, ఈయన వెళ్లి బావని మెడపట్టి గెంటేశాడు. ఇప్పుడు సాక్ష్యం కావాలి.

"ఆవిడేమంటోంది?"

"కొట్టలేదంటోంది. అలాగే అంటారుగా! బెంగతో తల కూడా దువ్వుకోవట్లేదు."

డిటెక్టివ్, అసిస్టెంటు బడికి వెళ్లారు. ఎదురుగా మూసిన కొట్టు మెట్ల మీద గడ్డం మాసిన మనిషొకడు తరగతి కిటికీ వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆమె మొగుడే.

"ఆ దొంగచూపులు చూడండి సార్!" అన్నాడు అసిస్టెంటు. అతనికి ఎవరిని చూసినా దొంగే.

లోపల బోర్డు మీద పాఠమంతా కింది సగంలోనే ఇరుక్కుని ఉంది. టీచరు బల్ల మీద రెండు చేతులూ ఆన్చి కష్టంగా లేచింది. వేళ్ల కణుపుల మీద ఎర్రటి మచ్చలు.

"పైన రాయరేమమ్మా?"

"చెయ్యి లేవట్లేదండీ. నీరసమేమో."

"ఆయన గుర్తొస్తున్నారా?"

"గేటు చప్పుడైతే చాలు, ఆయనేనేమోనని ప్రాణం లేచొస్తుంది."

డిటెక్టివ్ ఆమెని అప్పటికప్పుడే డాక్టరు దగ్గరికి పంపాడు.

పరీక్షలయ్యాక, ఆమె ఒప్పుకోలుతో అందరినీ వాళ్లింటికే పిలిచాడు. మొగుడు గడప బయటే నిలబడిపోయాడు.

"దెబ్బ తగిలితే కమిలినచోట పచ్చబడి మానుతుంది," మొదలుపెట్టాడు డిటెక్టివ్. "ఇది మానలేదు. పైగా మీరాయన్ని గెంటేశాక ఇంకా ముదిరింది. అప్పుడెవరు కొట్టారు, మీరా?"

అన్నగారి చూపు గడప వైపు మళ్లింది.

"రెప్పల రంగు, కణుపుల మీద మచ్చలు, లేవని చేతులు. మూడూ ఒకే జబ్బు. ఒక్కోసారి లోపలి కేన్సర్‌ని చర్మం ముందే ఇలా చెబుతుందట. స్కాన్‌లో అండాశయంలో గడ్డ కనబడింది. ఇంకా పాకలేదు. వచ్చే వారం ఆపరేషన్."

అన్నగారు కుర్చీలో కూలబడ్డాడు. "మరి తలెందుకు దువ్వుకోలేదే?"

"చెయ్యి లేవకే అన్నయ్యా. ఆయనే జడ వేసేవారు. నీతో చెప్పడానికి సిగ్గేసింది."

ఆయన కళ్లు తుడుచుకుని లేచాడు. అద్దం దగ్గరున్న దువ్వెన తీసి, గడప దాకా వెళ్లి బావ చేతిలో పెట్టాడు.

"లోపలికి రా బావా. బాగా చిక్కుపడింది, నెమ్మదిగా దువ్వు."

అతను లోపలికొచ్చేసరికి ఆమె అప్పటికే జడ కోసం అటు తిరిగి కూర్చుని ఉంది.