నీళ్లు ఇంకని కుండీ

“ఇదిగో నీ ఆయుధం” అంటూ చీఫ్ టేబుల్ మీద పెట్టింది రివాల్వర్ కాదు, మొక్కలకు నీళ్లు పోసే క్యాన్.

ఏజెంట్ గండుపిల్లికి ఒళ్లు మండింది. ఇన్నేళ్ల సర్వీసుకు దక్కిన మర్యాద ఇదా?

“పైపులైన్ లీకైన పొలాల మట్టి ఒక వరస కుండీల్లో, మంచి మట్టి ఇంకో వరసలో నింపి మొక్కలు పెంచుతున్నారు” అన్నాడు చీఫ్. “చమురే పంటను చంపిందని తేలితే ఆ విదేశీ కంపెనీ పైపులైన్ మూతపడుతుంది. అందుకే వాళ్ల ముఠా ల్యాబ్‌లో దూరింది. నువ్వు తోటమాలివి. లోపల మన మనిషి ఉంది. కోడ్ వర్డ్, ‘వానొస్తుందా?’”

గండుపిల్లి క్యాన్ అందుకున్నాడు. ఆ లైన్ పక్కనే అతని అక్క పొలం కూడా ఉంది.

మన మనిషంటే అందరూ అత్తరు మేడమ్ అని పిలిచే సైంటిస్టు. నల్ల కళ్లద్దాలు, హై హీల్స్. గండుపిల్లికేమో ఉక్కపోతకు జారిపోయే పెట్టుడు మీసం. చమురును మెరిపించే స్పెషల్ టార్చ్ ఇచ్చారు గానీ, అందులో బ్యాటరీ చచ్చింది. కొత్తది అడిగితే “శాంక్షన్ కావాలి” అన్నారు. ఖర్మ!

అన్నిటికంటే చిరాకు ఆ లీకు మట్టి. చమురు పట్టిన మట్టిలో నీళ్లు ఇంకి చావవు. పైనే ముత్యాల్లా దొర్లి, అంచు దాటి అతని బూట్లలో పడతాయి. వేళ్లకు తడి అందక మొక్కలు పసుపుపచ్చగా గిడసబారాయి. అక్క చెప్పి ఏడ్చింది ఇదే.

పైపులైన్ సంగతి తేల్చే ప్రభుత్వ కమిటీ వచ్చిన ఉదయం గండుపిల్లి కుండీల వైపు చూశాడు. లీకు మట్టి అని లేబుల్ ఉన్న మొక్కలు నవనవలాడుతున్నాయి. మంచి మట్టివి వాడిపోయాయి. ఎవరో లేబుళ్లు మార్చేశారు. చమురు వాసన తెలియకుండా గదంతా అత్తరు గుప్పుమంటోంది.

“చమురు తప్పేం లేదన్నమాట” అంటూ కమిటీ ఛైర్మన్ పైపులైన్ క్లియరెన్స్ మీద సంతకానికి పెన్ను తీశాడు.

గండుపిల్లి సాయం కోసం తిరిగాడు. “మేడమ్, వానొస్తుందా?”

“ఇతనికి ఎండదెబ్బ తగిలినట్టుంది. బయటికి పంపండి” అంది ఆమె చల్లగా.

అప్పుడర్థమైంది ముఠా మనిషి ఎవరో. సెక్యూరిటీ గార్డు కాలర్ పట్టుకుని లాగుతుండగానే అతను క్యాన్ వంచాడు. లీకు లేబుల్ కుండీ గుటుక్కున తాగేసింది. మంచి మట్టి లేబుల్ కుండీలో నీళ్లు పైపైన దొర్లి ఛైర్మన్ బూట్ల మీద పడ్డాయి.

“చమురు మట్టి ఏదో ఇప్పుడు చెప్పండి సార్.”

పెన్ను కాగితానికి తాకకుండానే ఆగిపోయింది. మేడమ్ వెనక తలుపు వైపు జారుకోబోతే గండుపిల్లి అడ్డం పడ్డాడు. “వాన వచ్చేలా ఉంది మేడమ్, లోపలే ఉండండి.”

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. “పైపులైన్ ఆపేశారటగా తమ్ముడూ. మరి నా పొలం మళ్లీ ఎప్పటికి పండుతుందిరా?”

మారువేషాల్లో బతుకంతా అబద్ధాలాడినవాడికి, అవసరమైనప్పుడు ఒక్కటంటే ఒక్కటి నోటికి రాలేదు.