మస్తానాబీ కట్టిన రెండు పాళ్లు

1964 ఏప్రిల్‌లో ఒక ఉదయం అనంతపురం పాతూరులో ప్రైవేటు డిటెక్టివ్ నాగప్ప తన ఆఫీసు తలుపు తెరిచేసరికి గుమ్మంలో ఒక స్త్రీ నిలబడి ఉంది. 

"శుక్రారం లోపల ఇల్లు ఖాళీ చెయ్యమంటాండారన్నా. దొంగ అంటాండారు నన్ను."

ఆమె పేరు మస్తానాబీ. భర్త అల్లాబకాష్ చనిపోయి రెండేళ్లయింది. యశోదమ్మ వఠారంలో బాడుగకుండి బట్టలు కుట్టి బతుకుతోంది. అక్కడ నాలుగు వాటాలకూ కలిపి ఒకటే కరెంటు మీటరు. బిల్లును నలుగురూ సమానంగా పంచుకునేవారు. మూడు నెలల నుంచి బిల్లు రెట్టింపు వస్తోంది. మస్తానాబీ దొంగతనంగా కరెంటు ఇస్త్రీపెట్టె వాడుతోందని యశోదమ్మ తేల్చేసింది.

"బిల్లు పంచేది ఎవరు?" అన్నాడు నాగప్ప.

"పక్కవాటా బయ్యన్న. మా ఆయన స్నేహితుడు, నాకు తోడబుట్టినోని లెక్క. ఆయప్పే యశోదమ్మను బతిమాలి, నేను రెండు పాళ్లు కట్టేటట్టు ఒప్పించినాడు. లేకుంటే ఆ యమ్మ నన్ను అప్పుడే తరిమేసుండేది."

నాగప్ప తన సహాయకుడు ఫకృద్దీన్‌ను వెంటబెట్టుకుని వఠారానికి వెళ్లాడు. మస్తానాబీ వాటాలో ఒక మిషను, రెండు బల్బులు, అంతే. వెనక గోడ మీద మాత్రం కొత్త సిమెంటు పూత కనిపించింది.

"ఇది ఎవరు పూసినారమ్మా?"

"సంక్రాంతి అయినంక బయ్యన్నే పూసినాడు. సిమెంటు ఖర్చు నలుగురం పంచుకుంటిమి. ఆయప్ప కూలి కూడా తీసుకోలేదు."

ఆ గోడకు అవతలి సందులోనే బయ్యన్న పంక్చర్ అంగడి. ఇద్దరూ అక్కడికి వెళ్లారు. లారీ ట్యూబులకు ప్యాచీలు వేడితో అతికించే ఇనుప అచ్చు తెర వెనక ఉంటుందట.

"అచ్చు దేంతో కాంచుతావప్పా?" అడిగాడు నాగప్ప.

"బొగ్గులతోనే. కరెంటుకు మాకు దుడ్లు యాడుండాయి?" బయ్యన్న నవ్వి, గొంతు తగ్గించాడు. "ఆ యమ్మను ఏమీ అనొద్దన్నా. మొగదిక్కు లేని మనిషి. నేను సర్ది చెప్తాలే."

"ఎంత మంచివాడు సార్!" అన్నాడు ఫకృద్దీన్ బయటికి రాగానే. "అంగడి కూడా అద్దంలా పెట్టుకున్నాడు. ఎక్కడా చిటికెడు మసి లేదు."

"రేపటికి చిల్లుపడ్డ లారీ ట్యూబొకటి సంపాదించు," అన్నాడు నాగప్ప.

మర్నాడు పదకొండు గంటలకు మీటరు దగ్గర యశోదమ్మ, మస్తానాబీ, మిగతా ఇద్దరు అద్దెదారులు ఓబులేసు, తిరుపాలమ్మ నిలబడ్డారు. నాగప్ప అన్ని వాటాల్లో స్విచ్చులు ఆర్పించాడు. మీటరులో తిరుగుతున్న చక్రం ఆగిపోయింది. పది నిమిషాల తర్వాత, ఎవరూ ఏ స్విచ్చూ ముట్టుకోకుండానే, అది గిర్రున తిరగసాగింది.

"ఇదేం మాయ!" అంది యశోదమ్మ.

కాసేపటికి అంగడి నుంచి ఫకృద్దీన్ ఆ లారీ ట్యూబుతో, బయ్యన్నతో లోపలికి వచ్చాడు. ట్యూబు మీద ప్యాచీ ఇంకా వేడిగా ఉంది.

"ఈయన దీన్ని తెర వెనక్కి తీసుకుపోయింది ఎప్పుడు?" అన్నాడు నాగప్ప.

"సరిగ్గా పదకొండూ పది సార్."

"ఇక్కడ చక్రం కదిలిందీ అప్పుడే. బొగ్గులతో పనిచేసే అంగట్లో మసీ బూడిదా లేవని నిన్న నువ్వే గమనించావు. కాంచేది కరెంటుతో. ఆ కరెంటు వచ్చే దారి..." నాగప్ప మస్తానాబీ వాటాలోకి నడిచి కొత్త పూతను ఉలితో కొట్టాడు. పెళ్లలు రాలాయి. లోపల నల్లటి తీగ, గోడలోంచి సందులోకి. "ఎప్పుడైనా బయటపడితే దొరికేది ఈమె. అందుకే ఈ గోడ."

బయ్యన్న తల వంచుకున్నాడు. "అంగడి కొత్తగా పెడితిని. అప్పులు. నాలుగు నెలలే అనుకుంటి..."

మస్తానాబీ అతని ముందుకొచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"దీపం ఆర్పేసి కుట్టుకో, బిల్లు తగ్గుతాది అని చెప్తివి గదన్నా. ఆ మసక చీకట్లో నా ఏలికి సూది దిగినప్పుడు కట్టు కట్టింది గూడా నువ్వే. కట్టు కడతా ఏమనుకుంటివి?"

 అందరూ ఎక్కువ కట్టిన డబ్బంతా తిరిగి ఇచ్చి ఆ వారంలోనే వాటా ఖాళీ చేస్తానని ఓబులేసు రాసిన కాగితం మీద బయ్యన్న సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

యశోదమ్మ మస్తానాబీ చేయి పట్టుకుంది. "తప్పయిపోయిందమ్మా. ఇంకమీదట బిల్లు నువ్వే పంచు."

మస్తానాబీ మెల్లగా చేయి విడిపించుకుంది.

"వద్దమ్మా. నా వాటాకు వేరే మీటరు పెట్టించు. ఇంక ఎవరితోనూ పాలు వద్దు నాకు."