నజ్మీ మేడగదిలో మూలుగు

అలెప్పోలో మా బాబ్ కిన్నస్రీన్ పేటకి వచ్చి ఉస్తాద్ నజ్మీ ఇల్లెక్కడని పగలు అడిగితే ఎవరైనా చూపిస్తారు. చీకటి పడ్డాక అడిగితే మాత్రం, రేపు రమ్మంటారు.

ఆ ఇంటికి సరిగ్గా ఎదురుగా నా దర్జీ కొట్టు. నేను దెయ్యాల్ని నమ్మను. ఈ మాట అందరికీ చెప్తాను, కాస్త గట్టిగానే చెప్తాను. కాకపోతే ఆ చలికాలం మాత్రం, రాత్రి నమాజు పిలుపు వినపడకముందే షట్టరు దించేసేవాణ్ణి. కళ్ళు సరిగా ఆనడం లేదని మా ఆవిడతో అనేవాణ్ణి. ఆవిడ నమ్మినట్టు నటించేది.

నజ్మీ ఔద్ అనే తీగల వాద్యం వాయించేవాడు. పిల్లల్లేరు. పోయి ఇరవై ఆరేళ్ళు. ఆయన ఉన్నన్నాళ్ళూ ప్రతి గురువారం రాత్రీ ఆ మేడగదిలో పదిమంది చేరేవాళ్ళు… వినడానికి. మా ఊళ్ళో వినడమంటే మామూలు పని కాదు. చప్పట్లు కొట్టరు, భేష్ అనరు. ముక్తాయింపు పడాల్సిన చోట పడితే, ఎవరో ఒకరు లోపల్నుంచి "ఆహ్" అంటారు. పడకపోతే కాఫీ తాగుతారు. కాఫీ కప్పు చప్పుడు వినపడితే వాయించేవాడి చేతులు చల్లబడేవి.

ఆయన పోయాక ఇల్లు మూతపడింది. ఇన్నేళ్ళూ ఏ చప్పుడూ లేదు.

ఆ చలికాలంలో మొదలైంది… మూలుగు.

మొదట విన్నది ఇస్త్రీ చేసే ఉమ్మ్ జుహైర్. ఇంటికెళ్ళే దారిలో ఆ కిటికీ కింద ఆగి, చెప్పు సరిచేసుకుంటోందట. పైనుంచి ఎవరో… చాలా నెమ్మదిగా… ఛాతీలో ఉన్న గాలంతా లాగి లాగి వదిలినట్టు… ఆ… ఆ… ఆ… అని. ఆవిడ చెప్పు అక్కడే వదిలేసింది. మర్నాడు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను, పగటి పూట.

ఆవిడ చెప్పిన ఇంకో సంగతి నాకు నిద్ర లేకుండా చేసింది. నొప్పితో మూలిగే మనిషి ఒక్కోసారి ఒక్కోలా మూలుగుతాడు కదా. ఇది అలా కాదట. ఆగి, మళ్ళీ అదే. ఆగి, మళ్ళీ అదే. అచ్చు గుద్దినట్టు, ఎనిమిది సార్లు.

"బతికున్న మనిషెవడూ అలా మూలగడు అబూ ఫిరాస్," అంది.

"పిల్లి అయ్యుంటుంది," అన్నాను.

"పిల్లే అయితే, రాత్రికి నువ్వెళ్ళి పాలు పోసిరా," అంది.

నేను వెళ్ళలేదు. పేటలో ఎవరూ వెళ్ళలేదు. వారం తిరిగేసరికి అందరూ చుట్టూ తిరిగి, సబ్బుల బజారు మీదుగా ఇళ్ళకి పోవడం మొదలుపెట్టారు.

ఒకరోజు ఇరుక్కుపోయాను. పెళ్ళి కొడుకు కోటు, తెల్లారేసరికి ఇవ్వాలి. కోటు చేతులు ఇంకా కుట్టలేదు. రాత్రి నమాజు పిలుపు వచ్చింది, పోయింది. సందు ఖాళీ అయింది. నేను తల ఎత్తకుండా కుడుతున్నాను.

అప్పుడు వినపడింది.

ముందు తీగ చప్పుడు. ఒక్కటే. అది మోగి, సాగి, వణికి… తర్వాతది రావడానికి అంతసేపు పట్టిందేమిటని నేను ఊపిరి పట్టి కూర్చున్నాను. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత…

ఆ… ఆ… ఆ…

సూది వేలికి గుచ్చుకుంది. చూస్తే నజ్మీ మేడ కిటికీలో నీలంగా వెలుతురు. దీపం కాదు, నిప్పు కాదు. ఆ ఇంటికి కరెంటు తీసేసి ఇరవై ఏళ్ళయింది.

మళ్ళీ తీగ. మళ్ళీ అదే మూలుగు. నేను ఖురాన్‌లో నాకొచ్చిన నాలుగు వాక్యాలూ చదివేశాను. మొదటికొచ్చి మళ్ళీ చదువుతుండగా వెలుతురు ఆరిపోయింది. మెట్ల మీద అడుగులు. తలుపు కిర్రుమంది… వీపు మీద ఇంత గూనితో ఒక ఆకారం బయటికొచ్చి, తాళం వేసి, తిన్నగా నా కొట్టు వైపే నడిచింది.

కత్తెర పట్టుకున్నాను. దెయ్యాన్ని కత్తెరతో ఏం చేద్దామనుకున్నానో నాకే తెలియదు.

"బాబాయ్… ఇంకా కొట్టు కట్టెయ్యలేదా?" అంది ఆకారం.

యమాన్. సబ్బుల వ్యాపారి రుష్దీ హాజీ కొడుకు. వీపు మీద గూని కాదు, ఔద్ సంచి. చంకలో మడత కంప్యూటరు.

"నువ్వటరా…" అన్నాను. "పేట పేటంతా దడుచుకు చస్తోంది. ఏమిట్రా ఆ మూలుగు?"

వాడికి అర్థం కాలేదు. తర్వాత అర్థమై, తలుపు దగ్గరే కూలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కంప్యూటరు తెరిచి నా ఇస్త్రీబల్ల మీద పెట్టాడు. అందులో నజ్మీ వాయించిన ఒక ఆలాపన ఉంది, రాస్త్ రాగంలో. ఎప్పుడో ఆ మేడగదిలోనే క్యాసెట్టు మీద పట్టింది. మామూలు వేగంతో పెట్టాడు. ఏళ్ళ తర్వాత ఆ చెయ్యి వినేసరికి నాకు కళ్ళు చెమర్చాయి. వేళ్ళు అలా పరుగెత్తాయి, ముక్తాయింపు పడింది, పక్కనే ఎవరో తృప్తిగా "ఆహ్" అన్నారు. అంతే.

"ఈ వేగంలో ఆయన వేలు ఎక్కడ పెట్టాడో ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు యమాన్. "అందుకని ఇలా చేస్తాను."

ఏదో గీతని వెనక్కి లాగాడు. పాట వేగం నాలుగో వంతుకి దిగింది. శ్రుతి మారలేదు, ఒక్కో స్వరం మాత్రం పాకుతూ వచ్చింది. తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా విడిగా వినపడింది. ఆ తర్వాత ఆ నిట్టూర్పు… సాగి, లోపల ఏదో గరగరలాడుతూ… ఆ… ఆ… ఆ…

ఎదురుగా కూర్చుని చూస్తున్నా సరే, నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

"ఒకే ముక్క వందసార్లు తిప్పుకుంటాను బాబాయ్, చేతికి ఎక్కేదాకా. ఇదీ మీ దెయ్యం."

"ఎవరిదిరా ఆ గొంతు?"

వాడు మూత వేసేశాడు. "నాన్నది."

రుష్దీ హాజీ సంగతి మా పేటలో అందరికీ తెలుసు. ఆ గురువారాల్లో ముందు వరసలో కూర్చున్న మనిషి. ఇప్పుడు మూడు నెలలుగా మంచం మీద ఉన్నాడు. కాళ్ళు పడిపోయాయి. వసంతం చూస్తాడో లేదో చెప్పలేమన్నాడు డాక్టరు. ఆయన ఒకటే కోరిక కోరాడు. నజ్మీ ఆలాపన ఇంకొక్కసారి వినాలి. క్యాసెట్టు పెడతానంటే వద్దన్నాడు. యంత్రంలో ఉన్నది చచ్చిన పాటన్నాడు. చేత్తో వాయించాలి, ఎదురుగా కూర్చుని.

యమాన్‌కి నలభై ఒకటి. ఏడో ఏట నుంచి తండ్రి ఎదుట వాయిస్తూనే ఉన్నాడు. ఆ నోటి వెంట ఆ నిట్టూర్పు ఒక్కసారి కూడా రాలేదు.

"కాఫీ కప్పు చప్పుడే విన్నాను ఇన్నేళ్ళూ," అన్నాడు. "క్యాసెట్టులో ఆయన గొంతు ఎవరికోసమో 'ఆహ్' అంటుంటే… కుళ్ళుగా ఉంటుంది బాబాయ్. పోయిన మనిషి మీద కుళ్ళు."

ఇంట్లో సాధన చేస్తే తడబాట్లన్నీ ఆయన చెవిలో పడతాయి. పగలంతా సబ్బుల కొట్టు. అందుకని నజ్మీ ఇంటి తాళంచెవి, ఆయన హాజీకి అప్పగించి పోయింది, వాళ్ళింట్లో మేకుకి ఏళ్ళ తరబడి వేలాడుతున్నది, చెప్పాపెట్టకుండా తీసుకుని రాత్రిళ్ళు అక్కడికొస్తున్నాడు. తండ్రికి మాత్రం సరుకు లెక్క చూసుకుంటున్నానని చెప్తున్నాడు.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. దెయ్యం లేదని తెలిసిన ఒకే ఒక్కణ్ణి కావడం బాగుంది. ఆ తర్వాత వారమంతా షట్టరు ఎత్తే ఉంచి, దర్జాగా రాత్రి దాకా కుట్టాను. పేటంతా నన్ను మగాడంటే అబూ ఫిరాసే అంది.

నెల తిరిగాక యమాన్ తండ్రి మంచం పక్కన కూర్చుని వాయించాడు. ఒక్క స్వరం వదల్లేదట, ఒక్క గమకం తప్పలేదట. ముక్తాయింపు దగ్గరికొచ్చాడు…

ముసలాయన కాఫీ అడిగాడు.

"ఎవడ్రా ఈ స్వరాన్ని స్నానం చేయించి, దువ్వి, పౌడరు రాసింది?" అన్నాడట. "మన ఊరిది కాదు ఇది."

యమాన్ తెల్లబోయి నా దగ్గరికొచ్చాడు. ఇద్దరం కూర్చుని మళ్ళీ విన్నాం. క్యాసెట్టుని కంప్యూటరులోకి ఎక్కించిన కుర్రాణ్ణి అడిగితే బయటపడింది, పాతది కదా శ్రుతి తప్పి ఉందనుకుని, స్వరాల్ని సరిచేసే బొత్తాం కూడా నొక్కి ఇచ్చాడట. రాస్త్‌లో మూడో స్వరం పియానో మెట్లకి దొరకదు. రెండింటి మధ్య ఉంటుంది, అందులోనూ మా ఊళ్ళో ఒక వెంట్రుకవాసి తేడాగా ఉంటుంది. ఆ బొత్తాం దాన్ని పట్టుకెళ్ళి పక్క మెట్టు మీద కూర్చోబెట్టేసింది. యమాన్‌కి మొదట్లోనే చెవికి ఏదో తేడా కొట్టిందట. తెర మీద స్వరం కొలత అంకెలో కనిపిస్తోంది కదా, తప్పు నా చెవిదే అనుకున్నాడు.

"చిన్నప్పట్నుంచి విన్న స్వరాన్ని కాదని, అంకెని నమ్మాను," అన్నాడు. వాడి మొహం చూడలేకపోయాను.

క్యాసెట్టు నుంచి మళ్ళీ మొదటికి ఎక్కించుకున్నాడు, ఏ బొత్తామూ నొక్కకుండా. మళ్ళీ నాలుగో వంతు వేగం, మళ్ళీ మూలుగు. ఈలోగా హాజీ మాట సన్నబడింది. రోజులో ఎక్కువ భాగం కళ్ళు మూసుకునే ఉంటున్నాడు. ఇంకోసారి తప్పితే, ఆ పైన సరిదిద్దుకోవడానికి వినే మనిషి ఉండడు.

ఫిబ్రవరి నెల, గురువారం. వాన పడి వెలిసింది. యమాన్ కొట్టులోకొచ్చి కంప్యూటరు నా బల్ల మీద పెట్టాడు.

"ఇది మీ దగ్గరే ఉండనీ బాబాయ్. ఇవాళ యంత్రం లేకుండా వాయించి చూసుకుంటాను. కుదిరితే, రేపు పొద్దున్నే నాన్న దగ్గర."

వెళ్ళాడు. కిటికీలో ఈసారి నీలం వెలుతురు లేదు, కొవ్వొత్తి. ఔద్ మొదలైంది.

మామూలు వేగం. ఎన్ని వారాలుగానో ముక్కలు ముక్కలుగా విన్నది ఒక్కసారిగా ఒళ్ళు విరుచుకుని లేచి నడిచింది. ఆ మూడో స్వరం వచ్చింది… మాది, మా ఊరిది. నేను కుట్టు ఆపేశాను. స్వరం పైకి వెళ్ళింది, తిరిగింది, దిగింది… ముక్తాయింపు పడింది.

"ఆహ్."

చిన్నగా. తృప్తిగా. సాగదీయకుండా, మనిషి అన్నంత సేపే.

నేను బల్ల వైపు చూశాను. కంప్యూటరు మూత వేసే ఉంది. చెయ్యి వేసి చూశాను… చల్లగా ఉంది.

పైన ఔద్ ఆగిపోయింది.

తర్వాత మెట్ల మీద దొర్లుకుంటూ వచ్చినట్టు అడుగులు. యమాన్ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. కాళ్ళకి చెప్పుల్లేవు, ఔద్ లేదు.

"విన్నారా?" అన్నాడు, గుసగుసగా.

లేదని అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ తల ఊపాను.

"నా ఎడం పక్కన… ముందు వరసలో ఆయన కూర్చునే చోట. ఊపిరి నా చెవికి తగిలింది." వాడు ఇంటి వైపు తిరిగాడు. "నాన్న పోయాడు బాబాయ్. పోతూ పోతూ విని పోయాడు."

కొట్టు తెరిచే వదిలేసి పరుగెత్తాం. నాలుగు సందులు. వాడు ఏడుస్తూ పరుగెత్తాడు, నేను వెనక్కి చూడకుండా పరుగెత్తాను. వెనక్కి చూస్తే ఏముంటుందో చూసే ధైర్యం నాకు లేదు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాం. వాడి అక్క హనాదీ మంచం పక్కన కూర్చుని, చెంచాతో పప్పు సూపు పడుతోంది. మమ్మల్ని చూసి బిత్తరపోయింది. హాజీ గుటక వేశాడు. బతికే ఉన్నాడు.

నాకు ఒక్కసారిగా సిగ్గేసింది. ఇద్దరు మగాళ్ళం, వాన నీళ్ళలో, ఒకడు చెప్పుల్లేకుండా.

"నాన్న ఎక్కడికీ… లేవలేదు కదా అక్కా?" అన్నాడు యమాన్.

"ఎలా లేస్తాడురా? మతిపోయిందా? సాయంత్రం నుంచి నేను పక్కనే ఉన్నాను. ఇంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఇప్పుడే తెరిచాడు."

హాజీ తల తిప్పాడు. కొడుకు బురద కాళ్ళ వైపు చూశాడు. ఆ చూపు మెల్లిగా పైకెక్కి వాడి మొహం మీద ఆగింది. గొంతు వినపడాలంటే మేం ముగ్గురం వంగాల్సొచ్చింది.

"సగంలో లేచిపోయావేంరా?" అన్నాడు. "చెయ్యి ఇప్పుడే కదా కుదిరింది."

హనాదీ చెంచా గిన్నెలో పెట్టేసింది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఎదురుచూసిన 'ఆహ్' వస్తే, దాన్ని విని పారిపోయి వచ్చాడు యమాన్.

"వెళ్ళు," అన్నాడు ముసలాయన. కళ్ళు మూసుకుంటూ. "వెళ్ళి మిగతాది వాయించు… నేనింకా అక్కడే కూర్చుని ఉన్నాను."

యమాన్ చాలాసేపు తండ్రి చెయ్యి పట్టుకుని ఉన్నాడు. తర్వాత లేచి, కండువాతో మొహం తుడుచుకుని, చెప్పుల్లేకుండానే ఆ సందుల్లోకి వెళ్ళాడు, ఒక్కడే. తోడు రమ్మని నన్ను అడగలేదు. అడిగినా వెళ్ళేవాణ్ణి కాను.