అంబదాస్ తిరిగొచ్చిన రోజు

“మయూర్, వాణ్ణి చంపొద్దు. ముందుగా అరెస్టూ చేయొద్దు. ‘ఈయన నా భర్త కాదు’ అని ఆవిడే అనాలి. అనిపించు.”

చీఫ్ బ్రీఫింగ్ అంతే. గుండె ఉన్నవాడు ఇచ్చే ఆర్డర్ కాదది.

1971 యుద్ధంలో ఫ్లైట్ లెఫ్టినెంట్ అంబదాస్ విమానంతో సహా సరిహద్దు అవతల మాయమయ్యాడు. బతికున్నాడో లేడో తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత, శత్రువుల జైలు నుంచి తప్పించుకున్నానంటూ ఒకడు దిగాడు. విదేశీ ముఠా తయారుచేసిన నకిలీ! సాయంత్రం ఎయిర్‌బేస్‌లో వాడికి సన్మానం. వాడి చేతికర్రలో బాంబు.

ఈ సంగతి చేరవేసింది ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్ ప్రగతి. ఆమె పేరు బయటపడితే ప్రాణం దక్కదు. అందుకే సాక్ష్యం భార్య నోటి నుంచి రావాలి.

గ్యాస్ స్టవ్ రిపేరువాడి వేషంలో మయూర్ నాందేడ్‌లో యమునాబాయి వంటింట్లో కూర్చున్నాడు. స్క్రూడ్రైవర్ పిడిలో కెమెరా, స్పానర్ల కింద పిస్టల్. యమునాబాయికి యాభై దాటాయి. చేతులనిండా కొత్త ఆకుపచ్చ గాజులు. భర్త వస్తున్నాడని వేయించుకున్నవి.

ముందుగదిలో నకిలీ భోంచేస్తున్నాడు. పక్కన జర్నలిస్టు వేషంలో ప్రగతి, ఖరీదైన చీర, నల్ల కళ్లద్దాలు. ఆరు నెలల క్రితం మ్యూజియం కోసమంటూ ఈ ఇంటి నుంచి అంబదాస్ ఉత్తరాలు, పతకాలు, ఫోటో పట్టుకెళ్లింది ఆమే. ముఠా వాటిని బట్టే మనిషిని చెక్కింది.

“అక్కా,” మయూర్ గొంతు తగ్గించాడు. “నేను రిపేరువాణ్ణి కాదు. ఆ తింటున్నాయన...”

“మా ఆయన కాదు,” అంది యమునాబాయి, రెండో పొయ్యి మీద జొన్నరొట్టె తిప్పుతూ.

ఇన్నేళ్ల సర్వీసులో మయూర్ నోట్లో మాటను ఎవరూ ఇలా లాక్కోలేదు.

“గడపల అడుగుపెట్టంగనే తెల్సింది. మా ఆయనకు గాటు ఎడమ కనుబొమ్మ మీద ఉండె. గీ ఊర్లనే వజీరాబాద్‌ల స్టూడియోటోడు ఫోటో ఉల్టా కడిగిండు. మల్ల దిగుదమనేలోపట లడాయి అచ్చింది. మా ఇంట్ల ఉన్నది గదొక్కటే. దాన్ల గాటు కుడిదిక్కు కనవడ్తది. ఈడు కుడిదిక్కే పెట్టుకొని అచ్చిండు.”

“మరి అన్నం ఎందుకు పెట్టావక్కా?”

ఆమె కళ్లు నిండాయి. “చేతికి గడియారం సూడు. పెండ్లిల మా నాయిన పెట్టింది. మా ఆయన గది పెట్టుకొనే ఇమానమెక్కిండు. నేను ఎవ్వరికి ఇయ్యలె. మరి గీనికెట్ల అచ్చింది? అడగాల్నని ఉన్నది, హిమ్మత్ అయితలేదు బాబు. గందుకే ఇంకో రొట్టె, ఇంకో రొట్టె అనుకుంట ఏస్తున్న.”

బయట ఎయిర్‌ఫోర్స్ కారు హారన్ మోగింది. నకిలీ చేయి కడుక్కుని, కర్ర అందుకున్నాడు. వాడు ఆ కారెక్కితే ఎయిర్‌బేస్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

యమునాబాయి గబగబా వెళ్లి గుమ్మానికి అడ్డం నిలబడింది.

“గీడు మా ఆయన కాదు!” వీధంతా వినేలా అరిచింది.

నకిలీ బొటనవేలు కర్ర పిడిమీది మీట వైపు జరిగింది. వెనకే వచ్చిన మయూర్ విసిరిన స్పానర్ ఆ మణికట్టును విరగ్గొట్టింది. కర్ర నేలకు తాకేలోపు ఒడిసిపట్టాడు. వీధిలో మాటువేసిన కమాండోలు వాణ్ణి ఎత్తుకుపోయారు.

గదిలో ముగ్గురే మిగిలారు. నకిలీ చేతినుంచి విప్పిన గడియారాన్ని మయూర్ ఆమె అరచేతిలో పెట్టాడు.

“గిది యాడ దొరికింది?” చివరికి అడిగేసింది యమునాబాయి.

ప్రగతి కళ్లద్దాలు తీసింది. అబద్ధాలతో బతికే మనిషికి నిజం చెప్పడం చేతకాలేదు. రెండుసార్లు మొదలుపెట్టి ఆగింది.

“కూలిన విమానంలో... ఆయన చేతినుంచి తీశారక్కా. వెళ్లిన రోజే పోయారు. అక్కడి ఊరివాళ్లే మట్టిచేశారట.”

“పోయిన దినమేనా?” యమునాబాయి గోడకు చేరగిలబడింది. “మరి గిన్నేండ్లు నేను ఎవరి తొవ్వ సూసినట్టు?”

ఆమె ఏడుపు ఆపడం ఇద్దరు ఏజెంట్ల వల్లా కాలేదు. ఆపాలని మయూర్ అనుకోనూ లేదు. తన కళ్లు కూడా తుడుచుకోలేదు.

కాసేపటికి వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు పలికింది. “శభాష్! వాడికి అనుమానం రాకుండా అన్నం పెట్టి కూర్చోబెట్టిందటగా? మన డిపార్ట్‌మెంట్లోకి వస్తుందేమో అడుగు.”

“రాదు సార్,” అన్నాడు మయూర్. “ఇరవై ఎనిమిదేళ్ల డ్యూటీ ఇప్పుడే దిగింది.”