ఆడుండాది

హిందూపురం బయట పాత ఇనుము యార్డులో ఒక పెద్ద డ్రమ్ము ఉండేది. చీకటి పడితే దాని పక్కకు కుక్క కూడా పోయేది కాదు. లోపల ఎవరో తడతారని దానికి పేరు. ఎండకు కాలిన ఇనుము చల్లబడేటప్పుడు టక్కుటక్కుమంటుందని ఎంత చెప్పినా వినే నాథుడు లేడు.

కోస్తాలో ఏదో ఆయిల్ రిఫైనరీ నుంచి వచ్చిందది. చిక్కటి నూనెను కాచి, విరగ్గొట్టి పెట్రోలు తీసే యంత్రమట. ఏళ్ల తరబడి కాగి కాగి, పాలగిన్నెకు మాడు పట్టినట్టు లోపలంతా బొగ్గు మాడు పట్టింది — జానెడు మందాన. అది గీకకుండా గ్యాసుతో కోస్తే అంటుకుంటుంది. పగలు లోపల పెనం మీద నిలబడ్డట్టే. అందుకే తొంభై ఎనిమిది వేసవిలో, చిలమత్తూరు పోతులయ్య పొద్దుగూకినాక గునపం, వైరు బల్బు పట్టుకుని దూరాడు. బయట కాపలా గ్యాస్ కట్టర్ ప్రేమ్ కుమార్. కాకినాడ మనిషి, వచ్చి మూడు రోజులైంది.

నాలుగు పోట్లు పొడిచాడో లేదో... ధబ్! పెద్ద పెళ్ల ఊడి పోతులయ్య కాలి మీద పడింది. బల్బు పగిలింది. కాలు కదలదు. పైన ఇంకో పెళ్ల కిర్రుమంది.

"ఏమైందన్నా?" మనిషి పట్టేంత కంతలోంచి ప్రేమ్ కుమార్ గొంతు.

"ఇరుక్కున్యానబ్బా... పైన ఆడుండాది!"

"ఆడ...?"

"ఆ, ఆడే! నా నెత్తిమీదనే... ఊగుతాండాది... వేగిరం రాప్పా!"

చెప్పుల చప్పుడు — పరుగు. తర్వాత ఆ చప్పుడూ లేదు.

పోతులయ్య అరిచాడు. తన గొంతే తిరిగొచ్చి తన మీద పడింది. ముక్కులో మసి... ఊపిరి ఆడదు. ఇంట్లో పెండ్లాం దాసమ్మ చివరి బస్సుకు ఎదురు చూస్తుంటుంది. ఇంతేనా నా బతుకు అని, నిజంగానే ఏడ్చాడు.

అప్పుడు... చీకట్లో ఒక చెయ్యి అతని మణికట్టు పట్టుకుంది. ఒక్క లాగు! కాలి తోలు లేచిపోయింది గానీ, కంతలోంచి బయటపడ్డాడు. వెనక రెండో పెళ్ల కూలింది.

"బతికించినావప్పా," అన్నాడు, మసి నిండిన కళ్లు తెరవలేక. చొక్కాతో కళ్లు తుడుచుకునే సరికి యార్డులో తనొక్కడే.

కుంటుకుంటూ టీ అంగడికి పోతే, ప్రేమ్ కుమార్ అక్కడ గ్లాసు పట్టుకుని బల్ల మీద ముడుచుకుని కూర్చున్నాడు. "పైన ఆడది ఉందని నువ్వే అన్నావుగా అన్నా!"

"అయ్యో నాయనా, మా తావ ఆడుండాది అంటే అక్కడ ఉంది అని!" టీ అంగడి రామాంజినమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. పోతులయ్యా నవ్వాడు.

"పోనీలేప్పా, మళ్లొచ్చి లాగినావు గదా."

"నేనా? వచ్చినప్పట్నుంచీ ఈ బల్ల మీద నుంచి లేస్తే ఒట్టు."

పోతులయ్య ట్యూబులైటు కింద చెయ్యి చాపాడు. మణికట్టంతా మసి... ఆ మసిలో వరసగా, సన్నగా, గుండ్రంగా — గాజులు ఒత్తుకున్న గుర్తులు.