సాంబ్రాణి వరుస

ఉదయం తొమ్మిదికి మల్లుపల్లెలో పసుపు ఉడకబెట్టే పదకొండు కడాయిల కింద ఒకేసారి మంట పెట్టారు. పావుగంట తిరక్కుండానే పంచాయతీ గోడమీద గాలిపట్టిక వెలిగింది. ఎవరి పొగ ఎంత, ఎవరి పొయ్యిలో తడికట్టెలున్నాయి, అన్నీ పేర్లతో సహా. పేరు పడ్డవాడు తిట్టుకుంటూ కట్టెలు లాగేశాడు. పొగజాడ యంత్రం వచ్చిన ఆరేళ్లలో ఊళ్లో దగ్గు తగ్గింది. దాపరికం కూడా తగ్గింది.

ఆ యంత్రాన్ని చూసుకునే ఉద్యోగం రజితది. గాలిలో తేలే నూనె, జిగురు, మసి కణాలను పొగజాడ విడదీసి, గాలివాటం చూసి, ఏది ఏ ఇంటిదో చెబుతుంది. చెట్ల వాసనలు ఎండకు ముదిరి కణాలైతే వాటినీ వేరుగా రాస్తుంది. పసుపు కాలంలో పట్టిక చాంతాడంత అవుతోందని, మూడు రోజుల కిందట రజిత అనుమతి తెప్పించుకుని చిన్నాచితకా పొగలన్నిటినీ 'ఇతరములు' అనే ఒకే వరుసలో కలిపేసింది. పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

"అక్కా, మా ఊదు వరుస ఏమైంది?"

గుమ్మంలో అఖిల రొప్పుతూ నిలబడి ఉంది. ఆమె బాలింత. బిడ్డకు ఇంకా నలభై రోజులు నిండలేదు.

"ఏ ఊదు?"

"పిల్లకు తానం పోసినంక సాంబ్రాణి ఏస్తం గద. రోజూ పట్టికల వస్తుండె. మూడొద్దులాయె, వస్తలేదు."

రజితకు నవ్వొచ్చింది. "గంత చిన్న పొగ ఎందుకని ఇతరాలల్ల కలిపిన. దానికి గింత ఉరుకొస్తవా?"

"ఆయన దాన్నే సూస్తుండక్కా," అంటూ అఖిల గడపమీదే కూలబడింది.

అఖిల కులం కాని సుమన్‌ను చేసుకుంది. కడుపుతో ఉండగా అన్న గంగాధర్ ఆమెను పుట్టింటికి తెచ్చి, ఫోను లాక్కుని, సుమన్ ఈ ఊళ్లో కాలుపెడితే ప్రాణాలతో పోడని నలుగురి ముందు ఒట్టేశాడు. సుమన్ భివండీలో మగ్గాల పనికి పోయాడు. పోయేముందు, అఖిల స్కానింగ్ కోసం వెళ్లిన ఆసుపత్రిలో మొగుడూ పెళ్లాం చాటుగా రెండు నిమిషాలు కలిశారు. బిడ్డ బలహీనంగా ఉంది, నిలుస్తుందో లేదో అని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. ఊరి గాలిపట్టిక రోజూ సాయంత్రం ఐదుకు దేశమంతా ఫోన్లలో కనిపిస్తుంది కాబట్టి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ఊదు వరుస కనిపిస్తే బిడ్డ పుట్టినట్టు, రోజూ కనిపిస్తే బతికున్నట్టు.

"ఇగ ఆగడక్కా, వస్తడు. మా అన్న సంపుతడు."

"ఫోన్ చేద్దాం. నంబర్ చెప్పు."

"అన్నకు భయపడి మార్చిండు. కొత్తది నాకు తెల్వదు."

రజిత యంత్రం వైపు తిరిగింది. పట్టిక అమరిక తిరిగి మార్చాలంటే పైనుంచి అనుమతి రావాలి, దానికి రెండు రోజులు. అయితే పెద్ద పొగలను యంత్రం ఇతరములలో కలపదు, తనంతట తనే వేరుగా చూపిస్తుంది.

"ఇయ్యాల బాగెయ్యి," అంది. "పెరట్ల కుంపటి పెట్టి ఆపకుండ ఎయ్యి. పిల్లను దూరం పండవెట్టు. ఊదు నేను తెస్త."

సాయంత్రం ఐదుకు వరుస తిరిగొచ్చింది. 'గంగాధర్ ఇల్లు. సాంబ్రాణి. ఉదయం పది నుంచి ఐదు దాకా, ఎడతెగకుండా.' అఖిల రజిత చేతులు పట్టుకుని ఏడ్చేసింది. ఇక ఆయన నిమ్మలపడతాడని చెప్పి ఇంటికి పోయింది.

రజిత ఆ వరుసను మళ్లీ చదివింది. ఎడతెగకుండా. నాన్న శవం వాకిట్లో ఉన్న రోజు తల దగ్గర ఊదు అట్లాగే వేస్తూ కూర్చున్నారు. పసిబిడ్డకైతే చిటికెడు, రెండు నిమిషాలు. పొద్దంతా వేసేది పీనుగు లేచే ఇంట్లోనే. మూడు రోజులు ఏమీ లేకుండా, నాలుగో రోజు ఇది చూస్తే కన్నవాడికి ఏం తోస్తుంది? యంత్రం ఒక్క ముక్క తప్పు చెప్పలేదు.

తెల్లారి మొదటి బస్సు నుంచీ ఆమె స్టాండు దగ్గరే నిలబడింది. గంగాధర్ పసుపు కళ్లం ఆ పక్కనే. మూడో బస్సులోంచి సుమన్ దిగాడు. మొహాన నెత్తురు చుక్క లేదు. రజిత అడ్డం పోయి పిలిచినా వినిపించుకోలేదు. దాక్కోనూ లేదు. నేరుగా కళ్లంలోకి నడిచాడు. గంగాధర్ పసుపు తిరగేసే కర్రను పైకెత్తాడు.

"పసికందుకు బొంద యాడ తీసిండ్రు బావా?" అన్నాడు సుమన్. "ఒక్కసారి సూపెట్టు. ఆడపిల్లో మగపిల్లగాడో గూడ నాకు తెల్వదు. తర్వాత నీ ఇష్టమున్నట్టు చెయ్యి."

"ఆడపిల్ల," అన్నాడు గంగాధర్, కర్ర దించకుండానే. "బొందేంది? ఇంట్ల పండుకున్నది."

సుమన్ ఆ పసుపు కొమ్ముల మీదే కూర్చుండిపోయాడు.