మాత్ర వెయ్యకుండానే

తెర మీద ఎర్రగీత పైకి పాకుతోంది. పాకకూడదు. ఇవాళ అప్పన్న మేస్త్రికి మాత్ర ఇవ్వనే లేదు.

విశాఖ ఒడ్డున కొత్తగా వెలిసిన జీన్ థెరపీ కేంద్రంలో డాక్టర్ హైమవతి ఆ గీతనే చూస్తూ నిలబడింది. అప్పన్న ఊపిరితిత్తిలో ఈ క్షణాన ఎన్ని కణాలు చస్తున్నాయో చెప్పే గీత అది. చచ్చేవి క్యాన్సర్ కణాలే కదా, పోతే పోనిద్దురూ అంటారేమో. అక్కడే ఉంది తిరకాసు.

మన ఒంట్లో ప్రతి కణంలోనూ పి53 అని ఒక జీన్ ఉంటుంది. కాపలా మనిషి అనుకోండి. కణం చెడితే బాగుచేసుకోమంటుంది, బాగుపడకపోతే చచ్చిపొమ్మంటుంది. కణం మారుమాట లేకుండా చచ్చిపోతుంది. నలభై ఏళ్లుగా పెళ్లివంటలు చేస్తూ కట్టెపొగ మింగిన అప్పన్నకి కుడి ఊపిరితిత్తిలో ఆ జీనే పాడైంది. చావమని చెప్పే నాథుడు లేక కణాలు తెగబలిసి గడ్డకట్టాయి. హైమవతి మంచి పి53ని ఆవిరిమందులో పెట్టి పీల్పించింది, దానికో స్విచ్ కూడా బిగించింది. మాత్రలో ఉండే ఒక రసాయనం తగిలితేనే జీన్ మేలుకుంటుంది. కణాలన్నీ ఒక్కసారే చస్తే వాటిలోని పొటాషియం రక్తంలోకి వరదలా వచ్చి గుండె ఆగిపోతుంది మరి. అందుకే మాత్ర కొంచెం కొంచెంగా ఇస్తోంది.

ఈ చికిత్సకి ఒప్పుకుంటూ సంతకం పెట్టేముందు అప్పన్న అడిగింది ఒక్కటే, మళ్లీ పొయ్యి దగ్గర నిలబడతానా అని. నిలబడతారు, నాది పూచీ అంది హైమవతి.

ఇప్పుడా మనిషి చెమటలు కక్కుతూ, కాళ్లు కదపలేక మంచం మీద పడున్నాడు. డయాలసిస్ యంత్రం తగిలించారు. అయినా గీత ఆగదు. గుండె తప్పటడుగులు వేస్తోంది. నాటుమందేదో దొంగతనంగా పెట్టుంటావని నర్సు ఆయన భార్య నూకరత్నం మీద విరుచుకుపడింది. ఆమె హైమవతి వైపు తిరిగి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"ఒట్టమ్మా. మీరు తెచ్చిన చారన్నం తప్ప నానేటీ పెట్నేదు."

హైమవతికి అప్పుడు తట్టింది. ఆస్పత్రి తిండి చూసి మొహం తిప్పుకున్న వంటమేస్త్రిని చూసి జాలిపడి, రోజూ తన ఇంటి నుంచే చారు తెస్తోంది. ఇవాళ దగ్గెక్కువైందని జీలకర్ర దండిగా వేయించి మరీ కాయించింది. స్విచ్ రసాయనాన్ని ఎంచినవాళ్లు ఎక్కడో చలిదేశం వాళ్లు. మనుషుల తిండిలో ఇది ఉండదని వాళ్లు రాస్తే, ఈవిడ నమ్మింది. జీలకర్రకి వాసననిచ్చే పదార్థం కాలేయంలోకి వెళ్లి మారేది సరిగ్గా ఆ రసాయనంగానే! పుట్టినప్పటి నుంచీ తింటున్న జీలకర్ర, అయ్యో, చదువుకున్న ఫార్ములాలో ఆమెకి కనపడనే లేదు.

గబగబా పొట్ట కడిగించింది. గుండెని కాయడానికి కాల్షియం ఎక్కించింది. ఒకసారి గుండె ఆగింది కూడా. హైమవతే ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కింది. పొద్దు వాలుతుండగా గీత తలవంచింది.

కొన్ని వారాలకి తీసిన స్కాన్‌లో గడ్డ ఆనవాలు లేదు. కేంద్రమంతా మిఠాయిలు పంచుకున్నారు. హైమవతి మాత్రం మిఠాయి ముట్టలేదు. అప్పన్న పక్కన కూర్చుని, తప్పు తనదేనని ముందు చెప్పేసింది. ఆయన చెయ్యి ఊపి, పోన్లెండమ్మా, గడ్డ పోయింది కదా అన్నాడు. ఎల్లుండి ఒక పెళ్లి ఒప్పుకున్నాడట.

"ఆ జీన్ ఇక మీలోంచి పోదు మేస్త్రిగారూ. మీ ఊపిరితిత్తుల్లో పొగదెబ్బ తగలని కణం లేదు. పోపులో జీలకర్ర చిటపటలాడిన గాలి పీలిస్తే చాలు, మంచివాటిని కూడా చావమంటుంది. మీరు వంటశాల ఛాయలకి పోకూడదు."

అప్పన్న తన అరచేతుల్లోని పాత కాలిన మచ్చలు చూసుకున్నాడు. నూకరత్నం ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"బతికించారు, దణ్ణం," అన్నాడు. "మరి ఏటి సేసుకుని బతకమంటారో, అదీ మీరే సెప్పండమ్మా."